అమ్మమ్మే ఇంటికి పెద్ద!

2018 జులై. అమెరికా, కెనడాల మధ్యనున్న సేలిష్ సముద్రంలో ఓ తల్లికి బిడ్డ పుట్టింది. అరగంటకే కన్నుమూసింది. తల్లి మాత్రం వదల్లేదు. బిడ్డను తలమీద మోస్తూ, జారిపోతే నీళ్లలో మునిగి మళ్లీ పైకి తెస్తూ... 17 రోజులు తిరిగింది. అలా ఈదిన దూరం సుమారు 1,600 కిలోమీటర్లు! 2024 చివర్లో దానికి పుట్టిన మరో బిడ్డా దక్కలేదు. మళ్లీ అదే మోత, అదే శోకం. ఆ తల్లి ఓ కిల్లర్ వేల్. పేరు టాలెక్వా.

పేరుకే కిల్లర్

ఓర్కా అని కూడా పిలిచే కిల్లర్ వేల్ డాల్ఫిన్ కుటుంబంలోకెల్లా పెద్దది. మగది తొమ్మిది మీటర్ల దాకా పెరుగుతుంది. దాని వీపు మీద రెక్కే ఆరడుగులుంటుంది! అంటార్కిటికాలో కొన్ని ఓర్కాలు వరసగా ఈది పెద్ద అలను పుట్టిస్తాయి. ఆ దెబ్బకి మంచుపలక మీది సీల్ నీళ్లలో పడాల్సిందే. ఇంత వేటగత్తెలైనా సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే ఓర్కా మనిషిని చంపిన దాఖలా ఒక్కటీ లేదు. అలాంటి ఘటనలన్నీ కొలనుల్లో బందీలైనవాటి దగ్గర జరిగినవే.

అమ్మకూచులు

టాలెక్వా జాతివాళ్లను 'సదరన్ రెసిడెంట్స్' అంటారు. వీటిది అచ్చంగా అమ్మల రాజ్యం. కూతుళ్లే కాదు, కొడుకులూ జీవితాంతం తల్లిని అంటిపెట్టుకునే ఉంటారు. తోడు కోసం వేరే గుంపు దగ్గరికి వెళ్లినా తిరిగొచ్చేది అమ్మ దగ్గరికే. తల్లి తను పట్టిన చేపలో ఎదిగిన కొడుక్కీ వాటా పెడుతుంది. అందుకే 30 ఏళ్లు దాటిన మగ ఓర్కాకి తల్లి పోతే, ఏడాదిలోగా అదీ చనిపోయే ముప్పు 14 రెట్లు పెరుగుతుందని 2012లో వచ్చిన ఓ పరిశోధన తేల్చింది.

ఆడ ఓర్కాలు దాదాపు నలభయ్యో ఏట పిల్లల్ని కనడం మానేస్తాయి. ఆ తర్వాతా దశాబ్దాలు బతుకుతాయి. మనుషుల్ని, కొన్ని తిమింగలాల్ని మినహాయిస్తే జంతువుల్లో ఇది చాలా అరుదు. మరి ప్రకృతి వీటికి ఆ ఆయుష్షు ఎందుకిచ్చినట్టు? చేపలు కరవైన ఏడాది గుంపుకి ముందు నడిచేది ఈ అమ్మమ్మలే. ఎక్కడికెళ్తే తిండి దొరుకుతుందో వాటికే తెలుసు. అమ్మమ్మ పోతే మనవలు బతికే అవకాశాలూ తగ్గుతాయి. ప్రతి గుంపుకీ ఓ యాస కూడా ఉంది. పిల్లలు దాన్ని నేర్చుకునేది పెద్దవాళ్ల దగ్గరే.

తిండే కరవైతే...

వీటి ప్రధాన ఆహారం చినూక్ సాల్మన్ చేప. సీల్స్ పక్కనే ఈదుతున్నా తినవు. పెద్దలు నేర్పిన తిండి అదే మరి! నదులమీద ఆనకట్టలు, మితిమీరిన వేట కారణంగా ఆ చేపలు తగ్గిపోయాయి. ఓర్కాలు శబ్దాలు చేసి, వాటి ప్రతిధ్వనిని బట్టి చేప జాడ పడతాయి. పడవల మోతలో అదీ కష్టమే. నీళ్లలో కలిసిన విషరసాయనాలు తల్లిపాల ద్వారా బిడ్డకూ చేరతాయి.

అంతకుముందే మనిషి మరో దెబ్బ కొట్టాడు. 1960, 70 దశకాల్లో ప్రదర్శనశాలల కోసం ఈ జాతి పిల్లల్ని వలపన్ని పట్టుకెళ్లారు. 1970లో అలా బందీ అయిన టోకిటే, ఇంటికి పంపే ప్రయత్నాలు జరుగుతుండగానే 2023 ఆగస్టులో మయామిలోని కొలనులోనే ప్రాణం వదిలింది.

అమెరికా 2005లో సదరన్ రెసిడెంట్స్‌ను అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. అయినా 2024 జులై లెక్కల్లో తేలినవి 73 మాత్రమే. 2025 జనవరి నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలో పడవలు వీటికి 1,000 గజాల దూరంలో ఉండాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. మోత కొంత తగ్గొచ్చు. కానీ కడుపు నిండాలంటే నదుల్లో సాల్మన్ చేపలు మళ్లీ పెరగాలి. దారి చూపడానికి అమ్మమ్మలున్నారు... ఆ దారి చివర చేపలుండేలా చూడాల్సింది మాత్రం మనుషులే!