పుంజు మొహం చూడని గుడ్డు: అపోహలు – వాస్తవాలు

పిట్టలవానిపాలెమున ఒక పెంకుటింటి వసారాలో, ధాన్యపు బస్తాల ప్రక్కన వరిగడ్డి పరచిన గంపలో, రెక్కలు కొంచెము విప్పి, కన్నులు అరమోడ్చి, ఎవరు దరిచేరినను గొంతులో గురుగురుమనుచు పొదుగునకు కూర్చున్న నాటుపెట్టను చూపుచు, ఆ ఇంటి పెద్దావిడ నాతో, “ఫారం గుడ్డు కూడా ఒక గుడ్డేనా నాయనా! పుంజు మొహం చూడని గుడ్డులో బలమెక్కడుంటుంది?” అన్నది. ఆ మాట ఆమె ఒక్కతెదే కాదు. బాపట్లలోను, తెనాలిలోను, రేపల్లెలోను నాటుగ్రుడ్డునకు పలుకు అధికమైన ధరకు ఆధారము ఈ విశ్వాసమే. ఇందు గింజ ఎంతయో, పొల్లు ఎంతయో చెరిగి చూడవలసియున్నది.

పుంజు లేకున్నను పెట్ట గ్రుడ్డు పెట్టును. అండాశయమునుండి పచ్చసొన జారినది మొదలు, తెల్లసొన చుట్టుకొనుటకు సుమారు 3 గంటలు, లోపలి పొరలు ఏర్పడుటకు గంటకు పైగా, సున్నపు పెంకు గట్టిపడుటకు 20 గంటలు, వెరసి దినమునకు కొంచెము మించిన కాలము పట్టు ఈ నిర్మాణమంతయు పుంజుతో నిమిత్తము లేకయే జరుగుచుండును. పుంజు వలన చేరునది సొనమీది చిన్న తెల్లచుక్కకు జీవము మాత్రమే. మాంసకృత్తులు గాని, క్రొవ్వు గాని దానిచే వీసమంతయు పెరుగవు. 1942లో పూనాలోని ఆగాఖాన్ భవనమున బందీగా ఉన్న దినములలో ఆరోగ్యమును గూర్చి వ్రాసిన చిన్న పుస్తకమున గాంధీ మహాత్ముడు, జీవము లేని గ్రుడ్డు ఎన్నటికిని పిల్ల కానేరదు గనుక పాలు త్రాగువారు దానికి అభ్యంతరము చెప్ప పనిలేదని అభిప్రాయపడుట ఈ భేదము నెరిగియే.

నాటుగ్రుడ్డు చెడదనుట మరియొక భ్రమ. నిజమునకు జీవమున్న గ్రుడ్డే వేసవికి తాళలేదు. రోహిణీ కార్తె ఎండలలో, పొదిగింపకయే, ఆ తెల్లచుక్క పెరుగనారంభించి సొనలో రక్తపు చాళ్లు పుట్టించును. పుంజు సంపర్కము లేని గ్రుడ్డు అదే వేడికి మరికొన్ని దినములు నిలుచును.

ఇక ఫారం కోళ్లకు సూదిమందులిచ్చి గ్రుడ్లు పెట్టింతురనెడి మాట. మన నాటుపెట్ట ఏటికి 60, 70 గ్రుడ్లు పెట్టుచుండగా, తెల్ల లెగ్‌హార్న్ సంతతి 300కు మించి పెట్టుట చూచినవారికి అట్టి సందేహము కలుగుట సహజము. కాని రహస్యము సూదిలో లేదు. నాటుపెట్ట పండ్రెండో పదునైదో గ్రుడ్లు పెట్టి ఆపివేయును. 21 దినములు పొదుగును. పిమ్మట రెక్కలక్రింద పిల్లలను దాచుకొని, గ్రద్దనుండి కాచి, గింజ ఏరుకొనుట నేర్పుచు నెలల తరబడి గ్రుడ్డు మాట తలపెట్టదు. ఇది సోమరితనము కాదు, తల్లితనము. ఇటలీలోని లివోర్నో రేవుపేర ప్రసిద్ధమైన లెగ్‌హార్న్ జాతినుండి, తరతరములుగా ఏరి జతపరచుటచే, ఈ పొదుగుబుద్ధినే తొలగించినారు. దానికి తోడు దినమునకు 16 గంటల వెలుతురు చూపుదురు. వెలుతురు మెదడును ప్రేరేపించి అండాశయమును మేల్కొలుపును. శంకింపదగినది వేరొకటి కలదు: మేతలో విచక్షణ లేక కలుపు యాంటీబయాటిక్ మందులు. మానవచికిత్సలో కడపటి ఆయుధమైన కొలిస్టిన్‌ను ఆహారమునకై పెంచు జంతువులకు వాడరాదని భారత ప్రభుత్వము 2019లో నిషేధించుటకు కారణము, ఆ మందు రోగులకు పనిచేయకపోవునను భయమే.

లెగ్‌హార్న్‌వలె మన జాతులు గ్రుడ్లకొరకు ఎన్నడును పెంచబడినవి కావు. పిట్టలవానిపాలెము మండలములోని చందవోలు వెలనాటి చోడుల రాజధాని; ఆ ఇంటి ఆడపడుచు మైలమదేవిని పెండ్లాడిన అనుగురాజునకు పలనాడు అరణముగా వచ్చినదనియు, అచ్చట నాగమ్మకును బ్రహ్మనాయనికిని జరిగిన కోడిపోరు మహాయుద్ధమునకు దారితీసినదనియు వీరగాథ చెప్పును. డేగ, కాకి, నెమలి అని రంగునుబట్టి పేర్లు పెట్టి, మన పూర్వులు ఏరుకొన్నది పుంజు పౌరుషమునే. పెట్ట పెట్టు గ్రుడ్లను లెక్కించినవారు లేరు.

పట్టణములలో ఎర్రని పెంకు చూచి నాటుగ్రుడ్డని కొనువారు తరచుగా మోసపోవుదురు. పెంకురంగు జాతినిబట్టి వచ్చునది. ముదురు గోధుమరంగు గ్రుడ్లు పెట్టు ఫారం కోళ్లు వేలకొలది కలవు. అసలైన నాటుగ్రుడ్డు లేత మీగడరంగున, చిన్నదిగా, 35–40 గ్రాములు తూగును. 55 గ్రాముల ఫారం గ్రుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుండగా, ఇందు నాలుగున్నరకు మించవు. పచ్చసొన రంగు సంగతియు ఇట్టిదే: ఆ వర్ణము కోడి స్వయముగా పుట్టింపలేదు, పచ్చగడ్డినుండియో, మొక్కజొన్ననుండియో రావలెను. మేతలో బంతిరేకుల సారము కలిపినచో ఫారం సొనయు ఎర్రబారును.

అట్లని పెద్దావిడ మాట పూర్తిగా పొల్లు కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమువారు 2010లో ప్రకటించిన పరిశోధనలో, పచ్చికలో తిరిగిన కోళ్ల గ్రుడ్లయందు, పంజరపు కోళ్ల గ్రుడ్లకంటె ఇ విటమిను, ఒమేగా-3 క్రొవ్వులు రెట్టింపుగా కనబడినవి. భేదము వచ్చినది జాతివలన కాదు, మేతవలన. కాలువగట్టున పురుగును, లేతగడ్డిని ఏరుకొని తిను పెట్ట గ్రుడ్డునకు ఆ గుణము నిశ్చయముగా అబ్బును. పురుగుమందు చల్లిన చేనిగట్టున తిరిగినచో ఆ విషమును గూడ అదే ముక్కు ఏరుకొనును.

నాటుకోడికి రోగము రాదనెడి నమ్మిక అన్నిటికంటె హానికరము. కొక్కెర తెగులు వచ్చెనా, ఒక్క వారమున వీధి వీధియంతయు శూన్యమగును. దానికి టీకా కలదు. పశువైద్యశాలలో అడిగినచో చెప్పుదురు. పెరటిలో గ్రుడ్లే ప్రధానముగా కోరువారికి హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ కోడి ఏటికి 160 నుండి 180 వరకు పెట్టును. అయితే పిల్లలను లేపుటకు మరల నాటుపెట్ట గంపయే శరణ్యము.

పెద్దావిడ ఇంటి పుంజు గడచిన మాఘమున ఆ తెగులుకే పోయినదట. గంపలోని గ్రుడ్లు ప్రక్కింటివారినడిగి తెచ్చి అమర్చినవి. మరి నడుమ ఈ పెట్ట పెట్టిన గ్రుడ్లేమైనవని అడిగితిని. “మనవడికి ఉడకబెట్టి పెట్టాను నాయనా, ఒక్కటీ వదలకుండా తిన్నాడు” అని, కొంచెము సేపు గంపవైపు చూచి ఊరకుండెను.