వంటగట్టు నీటి ఫిల్టరు

వంటగట్టు నీటి ఫిల్టరు అనగా గోడకు బిగించనవసరం లేకుండా వంటగట్టు మీదనే ఉంచి త్రాగునీటిని శుద్ధి చేసుకొనే పరికరం. గోడకు రంధ్రాలు చేయుటకు యజమాని అంగీకారం కావలసిన అద్దె ఇళ్ళలో దీని వాడకం ఎక్కువ. ఇల్లు మారినపుడు వెంట తీసుకొనిపోవచ్చును. అయితే ఒక ఇంటి నీటికి సరిపోయిన ఫిల్టరు మరొక ఇంట పనికిరాకపోవచ్చును.

నీటి స్వభావం

హైదరాబాదు కుళాయిలకు మంజీరా, కృష్ణా, గోదావరి నదుల నీటిని శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి సరఫరా చేస్తారు. కాని అనేక అపార్టుమెంట్లలో ఈ నీటితోపాటు బోరు నీరు కూడా వాడతారు. కనుక వంటింటి కుళాయిలో వచ్చేది ఏ నీరో ముందుగా విచారించాలి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 (2012) ప్రకారం లీటరు నీటిలో కరిగిన ఘనపదార్థాలు (టి.డి.ఎస్.) 500 మి.గ్రా., ఫ్లోరైడు 1 మి.గ్రా. మించకుండుట మేలు. వేరే నీరు దొరకనిచోట 2000 మి.గ్రా., 1.5 మి.గ్రా. వరకు అనుమతి ఉన్నది.

దుకాణాలలో చూపే టి.డి.ఎస్. మీటరు నీటి విద్యుద్వాహకతను బట్టి లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది, అంతే. మీటరు 400 చూపిన నీటిలో ఫ్లోరైడు 3 మి.గ్రా. ఉండవచ్చును, సూక్ష్మక్రిములూ ఉండవచ్చును. ఫ్లోరైడుకు రంగు, వాసన ఉండవు. నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. ఎముకలను వంచే ఫ్లోరోసిస్ వ్యాధిని భారతదేశంలో 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. తరువాతి కాలంలో నల్గొండ జిల్లా ఈ వ్యాధికి పేరుపడింది. ఇటువంటి ప్రాంతాలలో బోరు నీరు త్రాగేవారు ఫిల్టరు కొనుటకు ముందే ప్రయోగశాలలో ఫ్లోరైడు పరీక్ష చేయించుకోవాలి.

రకాలు

క్యాండిల్ ఫిల్టరులో పింగాణీ క్యాండిల్ సూక్ష్మరంధ్రాల గుండా నీరు దిగుతుంది. దీనికి విద్యుత్తు అక్కరలేదు. మట్టి, చాలావరకు బాక్టీరియా ఆగుతాయి, వైరస్‌లు దాటిపోతాయి. క్యాండిల్‌ను మెత్తని బ్రష్షుతో కడగాలి, పగిలితే మార్చివేయాలి. ఉత్తేజిత కర్బనం క్లోరిన్ వాసనను తీసివేస్తుంది. అల్ట్రావయొలెట్ దీపం క్రిములను నిర్వీర్యం చేస్తుంది గాని నీరు మడ్డిగా ఉంటే సరిగా పనిచేయదు. ఇవేవీ ఫ్లోరైడును తగినంతగా తీయలేవు.

ఆ పని చేయగలది రివర్స్ ఆస్మాసిస్ (ఆర్.ఓ.). ఇది లవణాలను, ఫ్లోరైడును చాలావరకు తొలగిస్తుంది. అయితే ఒక లీటరు శుద్ధజలానికి తరచుగా రెండు మూడు లీటర్లు వృథాగా పోతాయి, విద్యుత్తు కూడా కావాలి. లవణాలు తక్కువగా ఉన్న నది నీటికి దీనిని కొనుట దండుగే.

అద్దె ఇంటిలో అమరిక

ఆర్.ఓ. పరికరాలలో కొన్ని కుళాయి మూతికి తగిలించేవి, కొన్ని చేతితో నీరు పోసేవి. మొదటి రకం కొనేటప్పుడు కుళాయి మరలు సరిపోతాయో లేదో చూడాలి. వ్యర్థజల గొట్టాన్ని సింకులోనికి వదలవచ్చును, బకెట్టులో పట్టి నేల కడుగుటకు వాడుకోవచ్చును. మార్చవలసిన విడిభాగాలు వెళ్ళబోయే ఊరిలో దొరకుతాయో లేదో కూడా కొనే ముందే అడిగి తెలుసుకోవాలి.