ఆడ ఎలుక... దారి మార్చింది!

మీ ఇంటికి దారి చెప్పమంటే ఏమంటారు? 'రామాలయం ఎదురుగా' అంటారా... 'రెండో మలుపులో కుడికి తిరగండి' అంటారా? దారి గుర్తుపెట్టుకోవడంలో ఈ రెండు పద్ధతులూ ఎలుకలకీ తెలుసు. అయితే ఆడ ఎలుక ఏ పద్ధతి ఎంచుకుంటుందన్నది దాని ఒంట్లోని ఈస్ట్రోజెన్ మీద కూడా ఆధారపడి ఉంటుందట!

అమెరికా శాస్త్రవేత్త డోనా కొరోల్ బృందం 2004లో ఈ సంగతి బయటపెట్టింది. నాలుగు రోడ్ల కూడలిలాంటి పెట్టెలో ఓ చివర తిండి పెట్టి, ఎలుకలకు అక్కడికి వెళ్లడం నేర్పారు. తర్వాత వాటిని ఎదురు దిక్కు నుంచి వదిలారు. ఈస్ట్రోజెన్ ఎక్కువగా ఉన్న దశలోని ఎలుకల్లో ఎక్కువ భాగం చుట్టూ ఉన్న గుర్తులు చూసుకుని తిండి దొరికిన చోటికే వెళ్లాయి. ఆ దశ దాటినవి మాత్రం ఎక్కువగా అలవాటైన వైపే తిరిగాయి.

ఇందులో డోపమైన్‌కీ వాటా ఉంది. 'ఇటు వెళ్తే తిండి దొరికింది' అన్న పాఠాన్ని మెదడులో ముద్రించడానికి తోడ్పడే రసాయనమది. అది తాళంచెవి అయితే, నాడీకణాల మీదుండే గ్రాహకాలు తాళాలు. కెనడాలోని కాంకోర్డియా యూనివర్సిటీ పరిశోధకులు 2008లో ఈ తాళాలను మందుతో మూసి చూశారు. ఈస్ట్రోజెన్ తక్కువున్న ఎలుకలు దారి ఎంచుకునే తీరు మారిపోయింది. అంటే హార్మోన్, డోపమైన్ కలిసే పనిచేస్తున్నాయన్నమాట.

మరి ఇవన్నీ ఇంత ఆలస్యంగా ఎందుకు తెలిశాయి? ఆడ ఎలుకల్ని ప్రయోగాలకు తీసుకుంటే కదా! 'వాటి హార్మోన్లు మారుతుంటాయి, లెక్క కుదరదు' అని పక్కన పెట్టేశారు. 2009 నాటి నాడీశాస్త్ర పరిశోధనల్లో ఆడ జంతువులతోనే చేసింది ఒకటుంటే, మగవాటితోనే చేసినవి అయిదున్నర! ఆ వాదనలో పస లేదని 2014లో తేలింది. చుంచెలుకల మీద వచ్చిన 293 పరిశోధన పత్రాలను పరిశీలిస్తే, ఆడవాటి ఫలితాల్లో మగవాటికన్నా హెచ్చుతగ్గులేమీ ఎక్కువ లేవు.

ఇదంతా ఎలుకల గొడవేగా అనుకోకండి. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర అమెరికాలో 1992 నుంచీ ఉంది. ఒకే మోతాదు వేసుకున్నా ఆడవాళ్లలో మర్నాటి ఉదయానికీ దాని ప్రభావం మిగులుతోందని గుర్తించి, వాళ్ల మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించమన్నది 2013లో! అక్కడ కారణం వేరు కావచ్చు. కానీ ఆడ, మగ తేడాని ముందే చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి అదొక్కటి చాలు.

అందుకే 2016 నుంచి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిధులు కోరే పరిశోధకుల్ని ఆడ, మగ రెండింటినీ లెక్కలోకి తీసుకోమంటున్నాయి. మందులు వేసుకునేది ఇంటిల్లిపాదీ... పరీక్షలు సగం మందికేనంటే ఎలా?