మూలనున్న నట్టుకు 30 డిగ్రీలు చాలు!

మీ ఊళ్ళో మోటారు మెకానిక్ షెడ్డు ఉందా? అయితే ఒకసారి అక్కడ కాసేపు నిలబడి చూడండి. జీపు బానెట్ ఎత్తి, ఇంజను పక్క సందులోకి చెయ్యి దూర్చి, వేళ్ళతో తడుముకుంటూ ఒక మెకానిక్ ఒకే ఒక్క నట్టుతో పూటంతా కుస్తీ పడుతూ కనిపించవచ్చు. "ఒక్క నట్టుకి ఇంతసేపా?" అని మీరు నవ్వుకోకండి. మీరు బడిలో చదివే భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, రేఖాగణితం మూడూ ఆ నట్టు దగ్గర కలుసుకుంటాయి. ఎలాగో చూద్దాం.

పొగ కారితే ఏమవుతుంది?

ఇంజను సిలిండర్లలో మండిన వాయువులు ముందుగా మానిఫోల్డ్ అనే గొట్టంలోకి వస్తాయి. అక్కడినుంచి పొగగొట్టం, సైలెన్సర్ గుండా వాహనం వెనకకు పోతాయి. మానిఫోల్డుకూ ఇంజనుకూ మధ్య పలుచని ప్యాకింగు ఉంటుంది. అది కాలిపోయినా, నట్టు వదులైనా సందులోంచి వాయువు తన్నుకు వస్తుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు 'టప్ టప్'మని చప్పుడు వినిపిస్తుంది. వేడెక్కాక ఆ చప్పుడు ఒక్కోసారి తగ్గిపోతుంది. ఎందుకో ఊహించగలరా? వేడికి లోహం వ్యాకోచించి, సందు కొంత మూసుకుంటుంది. అంతేకాని లీకు నయమైనట్లు కాదు!

చప్పుడు మాత్రమే అయితే భరించవచ్చు. కాని ఆ వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు చోటెక్కడ? మొదట తలనొప్పి, తర్వాత కళ్ళు తిరగడం, వికారం. మోతాదు పెరిగితే స్పృహ తప్పుతుంది, ప్రాణమే పోవచ్చు. లీకైన వాయువు వాహనం లోపలికి చేరితే కూర్చున్నవారికి తెలియనే తెలియదు. అందుకే మెకానిక్ ఆ నట్టును వదలడు.

నట్టును పట్టేసింది ఎవరు?

ఇంజను బరువుమీద పనిచేసేటప్పుడు మానిఫోల్డులోని వాయువులు 700, 800 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతాయి. రోజూ కాగి, చల్లారి, తేమ తగిలి అక్కడి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు, తాను తినేసిన ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బోల్టు మరచుట్ల మధ్య ఇరుకు సందులో అది ఉబ్బితే, మేకు కొట్టినట్లు నట్టు బిగుసుకుపోతుంది.

మెకానిక్ తొందరపడి బలం చూపిస్తే బోల్టు పుటుక్కున తెగుతుంది. లోపల మిగిలిన ముక్కను డ్రిల్లుతో తొలిచి తీయాలి. కాబట్టి అతడు ముందుగా పలుచని నూనె పోసి, రాత్రంతా నాననిస్తాడు. దీపం వత్తిలో నూనె పైకెక్కినట్లే, కేశనాళికీయత వల్ల ఆ నూనె మరచుట్లలోకి పాకుతుంది. అప్పటికీ కదలకపోతే, నూనె తుడిచేసి, దగ్గరలో పెట్రోలు లేకుండా చూసుకుని నట్టును వేడిచేస్తాడు. 10 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఉక్కు నట్టును 300 డిగ్రీలు వేడెక్కిస్తే ఆ రంధ్రం సుమారు 0.036 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. ఇది వెంట్రుక మందం కూడా కాదు. అయినా తుప్పు పట్టు సడలడానికి అది చాలు. బండి చక్రానికి ఇనుప పట్టాను కాల్చి తొడిగేది కూడా ఈ సూత్రంతోనే కదా!

పానా తిరగడానికి చోటెంత?

ఇప్పుడు అసలు చిక్కు. నట్టు చుట్టూ గొట్టాలు, తీగలు. పానా పూర్తిగా తిరగదు. నట్టుకు ఆరు ముఖాలు. 360ని 6తో భాగిస్తే 60. అంటే మామూలుగా పానాను 60 డిగ్రీలు తిప్పితేనే తర్వాతి ముఖాన్ని పట్టుకోగలం. అంత చోటు లేకపోతే?

నోరు తెరిచిన పానాను జాగ్రత్తగా చూడండి. దాని నోరు పిడికి తిన్నగా ఉండదు. సాధారణంగా 15 డిగ్రీలు పక్కకు వాలి ఉంటుంది. ఒకసారి తిప్పి, తీసి, పానాను బోర్లించి మళ్ళీ పెడితే ఆ వాలు రెండో వైపుకు మారుతుంది. 15, 15 కలిపి 30. సగం చోటులోనే పని జరిగిపోతుంది! లోపల 12 మూలలున్న రింగు పానాకైతే బోర్లించే పని కూడా లేదు. 72 పళ్ళున్న రాచెట్ పిడికి 5 డిగ్రీల కదలిక చాలు.

చెయ్యే దూరకపోతే గోటీకి పొడుగాటి కడ్డీ తగిలిస్తారు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పిడి పొడవు 15 సెంటీమీటర్ల నుంచి 30కి పెరిగితే, అదే బలానికి తిప్పే శక్తి రెట్టింపవుతుంది. కాని నట్టుకు నిటారుగా ఉన్న కడ్డీని ఎంత పొడవు చేసినా ఆ శక్తి పెరగదు; అందుబాటు మాత్రమే పెరుగుతుంది. దారి వంకరగా ఉంటే మధ్యలో యూనివర్సల్ జాయింటు పెడతారు. తిరిగే చలనాన్ని మూల తిప్పే ఈ కీలుకు, స్ప్రింగు సాగే సూత్రం చెప్పిన 17వ శతాబ్దపు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేరే ఉంది.

మీరే చేసి చూడండి

అట్టముక్కమీద ఆరు ముఖాల నట్టు బొమ్మ గీయండి. మరో అట్టతో 15 డిగ్రీలు వాలిన నోరున్న పానా కత్తిరించండి. బోర్లిస్తూ, తిప్పుతూ కోణమానినితో కొలవండి. 30 డిగ్రీలు వచ్చిందా?

ఒక హెచ్చరిక: నిజమైన ఇంజను జోలికి మీరు వెళ్ళకండి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడుస్తుంటే అక్కడ నిలబడకండి, ఎవరినీ నిలబడనివ్వకండి. ప్రయాణంలో వాహనం లోపల పొగ వాసన వచ్చినా, కారణం లేకుండా అందరికీ తలనొప్పి మొదలైనా, వెంటనే బండి ఆపించి బయటి గాలిలోకి రండి. వాసన రాలేదు కదా అని ధైర్యపడకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదని ఇప్పుడు మీకు తెలుసు!