హరిత భవనం: ధ్రువపత్రం చెప్పేది, మీటరు చెప్పేది

హైదరాబాద్ హైటెక్ సిటీ వైపు వెళ్ళినప్పుడు కొన్ని కార్యాలయ భవనాల గోడలకు 'గోల్డ్', 'ప్లాటినం' అన్న ఫలకాలు ఉండటం మీరు చూసే ఉంటారు. దేన్ని కొలిచి ఆ ఫలకం ఇచ్చారు? ఈ పాఠ్యాంశాన్ని ఆ ప్రశ్నతో మొదలుపెడదాం.

స్థలం, నీరు, విద్యుత్తు, నిర్మాణ సామగ్రి, లోపలి గాలి వంటి అంశాలకు పాయింట్లు వేసి, మొత్తాన్నిబట్టి స్థాయిని నిర్ణయించటమే హరిత భవన ధ్రువీకరణ. అమెరికాలో రూపొందిన లీడ్ పద్ధతి నాలుగో కూర్పులో మొత్తం 110 పాయింట్లు ఉంటాయి. 60 వస్తే గోల్డ్, 80 వస్తే ప్లాటినం. మనదేశంలో ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ 2001లో ఏర్పడింది. అది పనిచేసే హైదరాబాద్ భవనం, సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్, 2003లోనే లీడ్ ప్లాటినం పొందింది. నడుమ ఖాళీ ముంగిలి, జాలీ గోడలు, పైకప్పు మీద తోట, వాడిన నీటిని మొక్కల వేళ్ళతో శుద్ధి చేసే ఏర్పాటు అక్కడ ఉన్నాయి. మండువా లోగిలి చూసినవారికి ఆ ముంగిలి కొత్తేమీ కాదు.

జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నేను తరచుగా చూసిన పొరపాటు ఒకటుంది: 'ధ్రువపత్రం ఉంది కాబట్టి విద్యుత్తు ఆదా అవుతోంది' అని రాసేయటం. కొత్త భవనానికి విద్యుత్తు పాయింట్లు చాలావరకు నమూనా మీద వేసిన అంచనా నుంచి వస్తాయి. ఆ తర్వాత రాత్రంతా ఏసీలు, దీపాలు వెలుగుతూ ఉంటే అంచనా కాగితం మీదే మిగులుతుంది. అందుకే ఏడాదిలో వాడిన యూనిట్లను చదరపు మీటర్లతో భాగించి చూడాలి. 10,000 చదరపు మీటర్ల కార్యాలయం 14 లక్షల యూనిట్లు వాడితే, చదరపు మీటరుకు 140 యూనిట్లు. కార్యాలయ భవనాలకు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఇచ్చే స్టార్ గుర్తింపుకు ఈ లెక్కే ఆధారం.

మరో చిక్కు అద్దె కార్యాలయాలది. మంచి అద్దాలకూ, వేడిని ఆపే పైకప్పుకూ ఖర్చు పెట్టేది యజమాని. తగ్గిన కరెంటు బిల్లు లాభం అద్దెకున్న కంపెనీది. కాబట్టి అద్దెను పెంచే ఫలకం మీద ఉన్న శ్రద్ధ యజమానికి మీటరు మీద ఉండదు. ఖర్చునూ లాభాన్నీ ఇద్దరూ పంచుకోవాలని, విద్యుత్తు లెక్కలు ఒకరికొకరు చూపాలని అద్దె ఒప్పందంలోనే రాసుకోవటం దీనికొక మార్గం.

2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు దేశాలు పెట్టుకున్నవి. వాటి పేరుతో ఏ భవనానికీ ఐక్యరాజ్యసమితి ధ్రువపత్రం ఇవ్వదు. 2030 నాటికి ఇంధన సామర్థ్యం మెరుగుపడే ప్రపంచ వేగాన్ని రెట్టింపు చేయాలని 7వ లక్ష్యం కోరుతోంది. కంపెనీ వార్షిక నివేదికలో ఆ లక్ష్యాల రంగుల బొమ్మలు కనిపిస్తే, పక్కన ఏటేటా తగ్గిన యూనిట్ల అంకె ఉందేమో వెతకండి.

అభ్యాసం: పై కార్యాలయంలో 400 మంది పనిచేస్తున్నారనుకోండి. 6,000 చదరపు మీటర్ల మరో కార్యాలయంలో 900 మంది ఉండి, ఏడాదికి 9 లక్షల యూనిట్లు వాడుతున్నారు. చదరపు మీటరుకు, మనిషికి విడివిడిగా లెక్కకట్టి, ఏది పొదుపైనదో కారణంతో రాయండి.