సెకండ్ హ్యాండ్ కాంపాక్ట్ సెడాన్ కార్లలో యాంత్రిక లోపాలు

కాంపాక్ట్ సెడాన్ అనగా వెనుక భాగమున ప్రత్యేకముగా డిక్కీ కలిగిన చిన్న కారు. భారతదేశములో సాధారణముగా 4 మీటర్ల లోపు పొడవు గల సెడాన్లను ఈ పేరుతో పిలుతురు. మారుతీ సుజుకి డిజైర్, హోండా అమేజ్, హ్యుందాయ్ ఎక్సెంట్, టాటా జెస్ట్, టాటా టిగోర్, ఫోర్డ్ ఆస్పైర్ ఈ తరగతికి చెందినవి. వరంగల్, హనుమకొండ, కాజీపేట వంటి పట్టణములలో మొదటిసారి కారు కొను మధ్యతరగతి కుటుంబములకు వాడిన సెడాన్ అందుబాటు ధరలో లభించును. అయితే కారు పైమెరుగు దాని యంత్రము యొక్క స్థితిని తెలుపదు. ఇంజను లోపము కుటుంబపు పొదుపును హరించును. బ్రేకు లేదా స్టీరింగు లోపము ప్రాణాపాయమునకు దారితీయును.

నేపథ్యము

2006 కేంద్ర బడ్జెట్‌లో 4 మీటర్లకు మించని పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను లేదా 1500 సీసీ లోపు డీజిలు ఇంజను గల కార్లకు ఎక్సైజు సుంకమును 24 శాతము నుండి 16 శాతమునకు తగ్గించిరి. దీనితో తయారీదారులు సెడాన్ల పొడవును 4 మీటర్ల లోపునకు కుదించిరి. 2008లో వచ్చిన టాటా ఇండిగో సీఎస్ ఇట్టి మొదటి కారు. 2012లో వచ్చిన రెండవ తరపు డిజైర్ కూడ ఈ పరిమితికి లోబడినది.

ఈ కార్లు ట్యాక్సీలుగా కూడ విస్తారముగా వాడబడినవి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణములు అమలులోనికి వచ్చినప్పుడు మారుతీ సుజుకి డీజిలు కార్ల తయారీని నిలిపివేసినది. కావున నేడు అమ్మకమునకు వచ్చు డీజిలు డిజైర్లన్నియు అంతకు పూర్వము తయారైనవే. ఉత్పత్తి ఆగిపోయిన మోడళ్లకు విడిభాగములు దొరకునో లేదో ముందుగానే విచారించవలెను.

ఇంజను

ఇంజను పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడు మాత్రమే పరీక్షింపవలెను. కొనుగోలుదారుడు వచ్చుటకు ముందే ఇంజనును వేడి చేసి ఉంచినచో కొన్ని లోపములు బయటపడవు. బానెట్‌పై చేయి ఉంచి చూచినచో ఈ సంగతి తెలియును. స్టార్టు చేసిన తరువాత సైలెన్సర్ నుండి వచ్చు పొగ రంగును గమనింపవలెను.

నీలి పొగ: ఇంజను ఆయిలు మండుచున్నదని గుర్తు. పిస్టన్ రింగులు లేదా వాల్వు సీళ్లు అరిగి ఉండవచ్చును.
దట్టమైన తెల్ల పొగ: ఇంజను వేడెక్కిన తరువాత కూడ తగ్గనిచో హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని, కూలెంట్ సిలిండరులోనికి చేరుచుండవచ్చును. చలి ఉదయములలో కొద్దిసేపు కనిపించు పలుచని ఆవిరి సహజమైనది.
నల్ల పొగ: ఇంధనము పూర్తిగా మండుట లేదని గుర్తు. డీజిలు కార్లలో ఇంజెక్టర్లు లేదా టర్బో లోపము కావచ్చును.

ఆయిలు మూత లోపల మీగడ వంటి పదార్థము కనిపించినచో ఆయిలులో నీరు కలిసినదేమో పరీక్షింపవలెను. స్టార్టు చేసిన వెంటనే గలగల శబ్దము వచ్చినచో టైమింగ్ చైను సాగి ఉండవచ్చును. చైనుకు బదులు బెల్టు గల ఇంజనులలో దానిని మార్చిన రశీదు అడుగవలెను. పెక్కు ఇంజనులలో బెల్టు తెగినచో వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను పాడగును.

శీతలీకరణ వ్యవస్థ

వరంగల్‌లో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటును. అందువలన రేడియేటర్, ఫ్యాను, థర్మోస్టాట్ సక్రమముగా ఉండవలెను. కూలెంట్‌కు బదులు బోరునీరు పోసినచో అందలి లవణములు రేడియేటర్ గొట్టములలో పేరుకొని ఇంజను వేడెక్కును. రేడియేటర్ నీరు తుప్పు రంగులో ఉన్నచో ఇట్టి నిర్లక్ష్యము జరిగినట్లు భావింపవచ్చును. ఇంజను వేడిగా ఉన్నప్పుడు మూత తీయరాదు. ఏసీ వేసి పావుగంట సేపు కారును నిలిపి ఉంచి ఉష్ణోగ్రత సూచికను గమనింపవలెను.

క్లచ్, సస్పెన్షన్, స్టీరింగు

పై గేరులో వెళ్లుచు యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజను శబ్దము పెరిగి వేగము పెరుగనిచో క్లచ్ అరిగినదని అర్థము. గతుకుల దారిలో నెమ్మదిగా నడిపినప్పుడు టకటక శబ్దము వచ్చినచో లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు లేదా షాకబ్జర్లు పాడై ఉండవచ్చును. స్టీరింగును పూర్తిగా ఒక ప్రక్కకు త్రిప్పి నడిపినప్పుడు టిక్కుటిక్కుమని శబ్దము వచ్చినచో ముందు చక్రముల డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు అరిగినవని గ్రహింపవలెను. సమతలమైన రోడ్డుపై కారు ఒక ప్రక్కకు లాగినచో అలైన్‌మెంట్ లోపము గాని, పూర్వము ప్రమాదమునకు గురియైన ఛాసిస్ వంపు గాని కారణము కావచ్చును.

బ్రేకులు, టైర్లు

బ్రేకు నొక్కినప్పుడు పెడల్ మెత్తగా లోనికి పోరాదు, స్టీరింగు అదరరాదు. ఇగ్నిషన్ వేయగానే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఇంజను హెచ్చరిక దీపములు వెలిగి తరువాత ఆరిపోవలెను. ఆ వ్యవస్థలు గల కారులో దీపము అసలు వెలగనిచో లోపమును దాచుటకు దానిని తొలగించి ఉండవచ్చును. టైరు ప్రక్కన ముద్రించిన నాలుగు అంకెలు దాని తయారీ వారమును, సంవత్సరమును తెలుపును. ఉదాహరణకు 2319 అనగా 2019వ సంవత్సరము 23వ వారము.

వరదనీట మునిగిన కార్లు

2023 జూలై చివరి వారములో ఉమ్మడి వరంగల్ జిల్లా ప్రాంతములో అతి భారీ వర్షములు కురిసినవి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 64.98 సెం.మీ. వర్షపాతము నమోదైనది. వరంగల్, హనుమకొండలలో అనేక కాలనీలు జలమయమైనవి. 2020 అక్టోబరులో హైదరాబాదు కూడ వరదకు గురియైనది. ఇట్టి ప్రాంతములలో అప్పటికే తిరుగుచుండిన కార్లను ప్రత్యేక శ్రద్ధతో పరీక్షింపవలెను.

మునిగిన ఇంజనును స్టార్టు చేసినచో గాలి మార్గము గుండా సిలిండరులోనికి నీరు చేరును. నీరు గాలివలె కుదించుకొనదు గనుక పిస్టన్ ఆగి కనెక్టింగ్ రాడ్ వంగును. కొద్దిగా వంగిన రాడ్‌తో ఇంజను కొంతకాలము నడిచి, అమ్మకము జరిగిన తరువాత విరుగవచ్చును. వైరింగు కనెక్టర్లలోని తుప్పు నెలల తరువాత బయటపడును. సీటు బెల్టును పూర్తిగా బయటకు లాగినప్పుడు బురద మరకలు, సీటు పట్టాలపై తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, కార్పెట్ క్రింద ముక్క వాసన, హెడ్‌లైట్లలో తేమ దీనికి గుర్తులు. బీమా క్లెయిముల చరిత్రను కూడ పరిశీలింపవలెను.

కిలోమీటర్ల రీడింగు, పత్రములు

మీటరు రీడింగును తగ్గించుట ఒక సాధారణ మోసము. తక్కువ కిలోమీటర్లు చూపు కారులో పెడల్ రబ్బర్లు, స్టీరింగు చక్రము, డ్రైవరు సీటు బాగుగా అరిగి ఉన్నచో అనుమానింపవలెను. సర్వీసు రికార్డులతో సరిపోల్చుట మేలు. ఆ కారు పూర్వము ట్యాక్సీగా నమోదైనదేమో తెలిసికొనవలెను. ఆర్.సి.లోని ఛాసిస్, ఇంజను సంఖ్యలు కారుపై ఉన్నవాటితో సరిపోవలెను. అప్పుపై కొన్న కారుకు బ్యాంకు నుండి నిరభ్యంతర పత్రము, ఫారం 35 అవసరము. యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30 సమర్పింపవలెను. గ్యాసు కిట్టు అమర్చిన కారైనచో ఆ విషయము ఆర్.సి.లో నమోదై ఉండవలెను.

కొనుగోలు నిర్ణయము

టైర్లు, బ్యాటరీ, బుష్‌లు, బ్రేకు ప్యాడ్లు కాలక్రమమున అరుగునవే. వాటి ఖర్చును లెక్కించి ధర తగ్గించుకొనవచ్చును. వరదలో మునిగిన ఇంజను, వంగిన ఛాసిస్, హెడ్ గ్యాస్కెట్ లోపము అట్టివి కావు. ఇవి ఉన్న కారును ధర ఎంత తక్కువైనను విడిచిపెట్టుట మంచిది. బయానా ఇచ్చుటకు ముందే, అమ్మువానితో సంబంధము లేని మెకానిక్కుచే కారును లిఫ్టుపై ఎక్కించి అడుగుభాగమును చూపించుకొనవలెను. కనీసము అరగంట సేపు పట్టణపు రద్దీలోను, గతుకుల దారిలోను, జాతీయ రహదారిపైనను నడిపి చూడవలెను. అమ్మువాడు ఈ పరీక్షలకు అంగీకరింపనిచో ఆ కారును కొనకుండుట మేలు.