మహాయుగ సంఖ్య

మహాయుగమునకు 43,20,000 సంవత్సరములని మీరందరు వినియుందురు. ఇంత పెద్ద సంఖ్య కట్టుకథ యని కొందరు నవ్వుదురు. పెద్దది గనుకనే పూజ్యమని కొందరు చేతులు జోడింతురు. దాని ప్రయోజనమును లెక్కవేసి చూచినవారు అరుదు.

ఈ సంఖ్యకు మొదటి గుణము సులభముగా భాగింపబడుట. 2ను ఎనిమిది మారులును, 3ను మూడు మారులును, 5ను నాలుగు మారులును వేసి యన్నిటిని గుణించిన నిదియే వచ్చును. దీనిని శేషము లేక భాగించు సంఖ్యలు 180 కలవు. 12 నెలలు, 30 తిథులు, 60 గడియలు, 360 భాగలు, అన్నియు నిందిమిడినవి. 7 మాత్ర మిమడదు. సూర్యసిద్ధాంతము దీనిని 4, 3, 2, 1 పాళ్లుగా నాలుగు యుగములకు పంచినది. ఆర్యభటుడు క్రీ. శ. 499 ప్రాంతమున 10,80,000 చొప్పున సమముగా పంచెను. రెండు విధములను శేషము లేదు.

రెండవ గుణము భిన్నములను పూర్ణసంఖ్యలుగా చూపుట. సంవత్సరమునకు 365 దినములే కాక, 15 గడియల 31 విగడియలును, ఆపైన నింకను కొంతయు గలదు. ఆ తునుకలను ప్రతిలెక్కలోను మోయుట కష్టము. కావున సూర్యసిద్ధాంతము మహాయుగమునకు 1,57,79,17,828 దినములని యొక్క పూర్ణసంఖ్య చెప్పినది. ఇందొక దినము హెచ్చించినను సంవత్సరమాన మొక సెకనులో 50వ వంతు మాత్రమే పెరుగును. కంసాలి త్రాసునకైన నింత సూక్ష్మత లేదు.

ఇక నధికమాసము సంగతి. మహాయుగములో సూర్యుడు రాశిచక్రమును 43,20,000 మారులు చుట్టగా, చంద్రుడు 5,77,53,336 మారులు చుట్టును. కళ్లముచుట్టు ఒకే దిక్కుగా తిరుగు నిద్దరిలో వడిగలవాడు రెండవవానిని కలిసికొను మారులు వారి చుట్ల భేదమునకు సమము గదా! ఆ భేదము 5,34,33,336. అన్నియే యమావాస్యలు, అన్నియే చాంద్రమాసములు. సౌరమాసములు 5,18,40,000. మిగిలిన 15,93,336 అధికమాసములు. సౌరమాసములను దీనిచే భాగింపగా సుమారు 32½ వచ్చును. అనగా సగటున రెండేండ్ల యెనిమిదిన్నర నెలల కొక యధికమాసము. మన పంచాంగములో నది వచ్చుట యెవరి యిష్టమును గాదు, ఈ భాగహారఫలమే.

అయినను సూక్ష్మత వేరు, సత్యము వేరు. సూర్యసిద్ధాంత సంవత్సరము 365 దినముల 6 గంటల 12½ నిమిషములకు కొంచెము పైగా నున్నది. నేటి వేధవలన తెలిసిన నక్షత్ర సంవత్సరము 365 దినముల 6 గంటల 9 నిమిషముల 10 సెకనులు. భేదము మూడున్నర నిమిషములకు లోపే. కాని యదియే పేరుకొని 400 ఏండ్లు దాటునప్పటి కొక దిన మగును. త్రాసు ఎంత సన్ననిదైనను తూనికరాయి సరిచూడవలయును. గణితమున కాకాశమే తూనికరాయి.

కావున రెండు పంచాంగములు భేదించి గ్రామమున వివాదము పుట్టినపుడు, ఏది ప్రాచీనము, ఏది నవీనము అని మాత్రమే యడుగక, చెప్పిన గడియకు గ్రహణము పట్టినదా యని చూడుడు. పెద్ద సంఖ్యను మనకిచ్చిన పూర్వులు ఆకాశమును చూచియే లెక్క కట్టిరి. వారి సంఖ్యను గౌరవించుట యన్నను మరల నాకాశమును చూచుటయే.